నాలుగు కాళ్ల మండపం కాడ

తెల్లారి నాలుగున్నరకు పుంగనూరు బస్సు దిగి
తిరుపతిలో కాలు పెట్టినాం,
ఆయనా, నేనూ, రెండు చంకకర్రలూ.
నా చేతిలో మడతలు పడిన చీటీ:
"తిరుపతిలో కాలు పెడతారు. దుడ్లు అడగరు."
రాసిచ్చిన కాంపౌండరు
వీధి పేరు మాత్రం మరిచిపోయినాడు.

బస్టాండు విచారణ కిటికీలో
తల ఎత్తకుండానే చెప్పినాడాయన:
"కొండకైతే ఆ లైను."
ఈ ఊళ్లో దారి అడిగేవాళ్లంతా
పైకే పోతారని ఆయన లెక్క.
మాకు ఈ తూరి కిందే పని సామీ.

టీ అంగడి మొగిలమ్మ గ్లాసులు కడుగుతా అనింది:
"నాలుగు కాళ్ల మండపం కాడ అడగండి."
అన్నాక నాలిక కరుచుకుంది.
చెంగల్రాయులు నవ్వినాడు.
భాకరాపేట కనుమలో లారీ బోల్తాపడినాక
ఎనిమిది నెలలకు మొదటి నవ్వు.
"దానికి నాలుగుండాయి కదమ్మా,
ఒకటి అప్పిస్తుందేమో చూస్తాం."

మండపం ఇయ్యలేదు.
దాని నీడలో మల్లెలు కట్టే అవ్వ
రెండు దోవలు చూపించింది, ఒకటి అటు, ఒకటి ఇటు.
మొదటిది మూతపడిన ఆఫీసు.
పోయిన ఆయుధపూజ కుంకుమ
తాళం మీద ఇంకా ఉంది.
రెండోది పెద్దాసుపత్రి.
ఆరో నంబరు గది ఏడుకు పంపింది,
ఏడో నంబరు సదరం కాగితం అడిగింది,
కాగితానికి మీ సచివాలయానికే పోండి అనింది.
మూడు గంటల బస్సు, మళ్లీ వెనక్కి.
లేని కాలు అందరికీ కనబడతానే ఉంది కదయ్యా,
లేదని రాసిచ్చేదానికి ఇంకెవరు చూడల్ల?
అడుగుదామనుకున్నా.
నా వెనక ఇంకా పదిమంది ఉండారు.
పక్కకు జరిగినా.

గేటు కాడ ఆటో ఖాదర్‌వలీ
మమ్మల్ని చూడలేదు, చంకకర్రల్ని చూసినాడు.
"మా చిన్నాయనకు పెట్టించినా, ఎక్కండి" అన్నాడు.
చక్కెర జబ్బు, చిన్నాయన మొండితనం,
బిర్యానీ మానమంటే మానలేదనే గొడవ,
దారి పొడుగునా అదే కత.

అలిపిరి కాడ ముగ్గురు దిగేదానికి ఆపినాడు.
పాదాల మండపంలో జనం
సామి పాదరక్షలు నెత్తిన మోస్తా
చుట్టూ తిరుగుతా ఉండారు.
దేవుడి చెప్పులు కూడా అరుగుతాయంట.
మా ఇంట్లో ఎడమకాలి చెప్పు ఒకటుంది,
బియ్యం డబ్బా వెనక, పాత తువ్వాలలో చుట్టి.
అది అరగదు.
ఆయనకు తెలీదు.
ఎందుకు పారెయ్యలేదో నాకూ తెలీదు.

జీవకోన పక్క, వెల్డింగు కొట్టు వెనక, రేకుల షెడ్డు.
బోర్డు మొన్న గాలికి పడిపోయిందంట.
"వచ్చేవాళ్లు వస్తానే ఉండారు,
ఎవరో ఒకరు చెప్తారు కదా" అనింది హైమవతి,
నోట్లో పెన్సిలు తియ్యకుండా.
ఏ కాగితమూ అడగలేదు.
తనే ఒక పాత పేపరు నేల మీద పరిచి
"కుడికాలు పెట్టన్నా" అనింది.

ఉన్న కాలును చూసి
లేని కాలును గీస్తారంట.
బొటనవేలు చుట్టూ పెన్సిలు తిరుగుతుంటే
చక్కిలిగింతకు ఆయన కాలు లాక్కున్నాడు.
గీత వంకరపోయింది.
పేపరు తిప్పి మళ్లీ గీసింది.

"మూడు వారాలు పడుతుంది.
వచ్చేటప్పుడు చెప్పులు తెండి, రెండూ."
ఆయన నా పక్క చూసినాడు,
ఒకటే కదా ఉండేది అన్నట్టు.
నేను గోడ మీది క్యాలెండరు చూస్తా నిలబడినా.

రాత్రి బస్సులో
చీటీ వెనక్కి తిప్పి రాసుకున్నా,
మా వీధి చివర గౌనిపల్లాయనకు ఇయ్యాలని:
మొగిలమ్మ టీ అంగడి. మల్లెపూల అవ్వ.
ఆస్పత్రి గేటు కాడ ఖాదర్‌వలీ, ఆకుపచ్చ సీట్ల ఆటో.
వెల్డింగు కొట్టు వెనక హైమవతి.

కనుమ మలుపులో గుర్తొచ్చింది,
వీధి పేరు నేనూ అడగలేదు.